ఒకే ఒరలో రెండు

డబ్బా ఏదైనా సరే, మూత తీసే ముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపి చూడటం శాంతకు అలవాటు. కందిపప్పు డబ్బా, టీ పొడి డబ్బా, కూతురు మాయ లంచ్ బాక్సు, పోస్టులో వచ్చిన అట్టపెట్టె, దేన్నీ వదలదు. లోపల ఏముందో, ఎంత ఉందో ముందు చెప్పాలి. ఆ తర్వాతే తెరవాలి. గ్లాస్గోలోని ఆ ఇంట్లో తెల్లారేసరికి మొదట వినిపించేది కెటిల్ చప్పుడు కాదు, డబ్బాల గలగల.

“ఏవంటోంది ఇవాళ పంచదార?” అని అడుగుతాడు భర్త మురళీధర్, సాక్సులు తొడుక్కుంటూ. ఆయన జీపీ, అంటే పేట డాక్టరు. సర్జరీకి, అంటే తన క్లినిక్కుకి, వెళ్ళే తొందరలో కూడా ఈ ప్రశ్న మాత్రం మానడు.

“రేపటిదాకా వస్తుందండి. తమరు రెండో కప్పు అడక్కుండా ఉంటే.”

“డాక్టర్ని నేనైతే ప్రిస్క్రిప్షను నువ్వు రాస్తున్నావా?”

ఈ అలవాటు వెనక ఒక చెవిదిద్దు ఉంది. శాంత అమలాపురంలో పుట్టి పెరిగింది. ఆమె చిన్నప్పుడు తమ్ముడు అమ్మ దిద్దు మింగేశాడు. ఇంటిల్లిపాదీ ఏడుస్తూ వాణ్ణి కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ డాక్టరు ఒక నల్లటి ఫిల్ముని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూపించాడు. పక్కటెముకల కింద, చీకటిలో, ఏడు రాళ్ళ దిద్దు చుక్కలా మెరుస్తోంది. అమ్మ గుండెలు బాదుకుంటుంటే శాంత డాక్టరు చొక్కా పట్టుకుని లాగి, “ఇంకోసారి చూపించరా?” అని అడిగింది. దిద్దు మర్నాడు దాని దారిన అది బయటికి వచ్చేసింది. ఆ బొమ్మ మాత్రం శాంత లోపలే ఉండిపోయింది.

ఎక్స్‌రే చదువు చదివింది. పెళ్ళయి ఈ దేశానికి వచ్చాక ఇక్కడి పరీక్షలు రాసి ఆసుపత్రిలో రేడియోగ్రాఫరుగా చేరింది. విరిగిన మణికట్లు, అరిగిన మోకాళ్ళు, మంచు మీద జారిపడ్డ ముసలివాళ్ళ తుంటి ఎముకలు. డ్యూటీల రోటాలో పేరు ఎప్పుడు పడితే అప్పుడు పోయి, ఎన్ని వేల బొమ్మలు తీసిందో ఆమెకే తెలియదు. ఒక్కటే వెలితి. బొమ్మ తీసేది తను, చదివేది వేరొకరు. “ఊపిరి బిగపట్టండి, ఇక వదలండి” అన్నంతవరకే తన పని. ఆ తర్వాత ఏం కనిపించిందో, ఏమైందో తనకు ఎవరూ వచ్చి చెప్పరు. డబ్బా ఊపడమే గాని మూత తీసే భాగ్యం లేదు.

ఇలా ఉండగా, ఆసుపత్రిలో పక్కన పడేసిన పాత ఎక్స్‌రే ప్లేట్ల మిషనొకటి నగరంలోని ఒక మ్యూజియానికి ఇచ్చారు. దాన్ని వాడటం ఎలాగో నేర్పి రమ్మని శాంతను పంపారు. ఒక్క మధ్యాహ్నం పని. వెళ్ళింది, నేర్పింది, “పాత మిషనండీ, ప్లేటుని లైటు కింద బాగా చెరపాలి, లేకపోతే ముందు తీసినదాని నీడ తర్వాతి బొమ్మలో దెయ్యంలా వస్తుంది” అని హెచ్చరించింది. వచ్చేద్దామనుకుంది. ఈలోగా వస్తువుల సంరక్షణ చూసే మోరాగ్ అనే ఆవిడ, “టీ తాగేముందు మా అటకలు చూస్తారా?” అని గిడ్డంగి తలుపు తీసింది.

అంతే. శాంత టీ సంగతి మరిచిపోయింది.

ఇండోనేషియా దీవుల నుంచి వచ్చినవన్నీ ఒక వరసలో ఉన్నాయి. పాములా వంకలు తిరిగిన కెరిస్ బాకులు. వాటి పిడులు సిగ్గుతో తలవంచుకు కూర్చున్న మనుషుల్లా ఉన్నాయి. పులిగోళ్ళూ పంది కోరలూ గుత్తిగా కట్టిన ఒరలు. మందులు దాచుకునే గేదె కొమ్ములు, వాటి చివర నోళ్ళు తెరిచిన జంతువులు. గుడ్లు మిటకరించిన రాక్షసముఖం రాసిన డాలు. పసిపిల్లల్ని వీపున మోసుకుపోయే చెక్క పీట, దాని నిండా తీగలు తీగలుగా చెక్కడం. ప్రాణం తీసేదీ, ప్రాణాన్ని మోసేదీ ఒకే అటక మీద ఉన్నాయి, రెండిటి మీదా ఒకలాంటి తీగలే!

ఒక గేదె కొమ్మును మోరాగ్ చేతికిచ్చింది. శాంత చేతులకు గ్లవుజులున్నాయి. అయినా ఏమీ ఆలోచించకుండా దాన్ని చెవి దగ్గరకు తీసుకెళ్ళి ఊపబోయి, ఉలిక్కిపడి ఆగింది.

మోరాగ్ నవ్వింది. “నేను కూడా మొదటి రోజు అదే చేశాను. ఎవరికీ చెప్పకండి, షాంటా.”

మోరాగ్‌కు ‘శాంత’ అని నోరు తిరగదు. ‘షాంటా’ అంటుంది. ఇంటికొచ్చి చెబితే మురళీధర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. “శాంటానా? డిసెంబరులో నీకు ఓవర్‌టైమే!”

రెండు నెలలు తిరక్కుండానే మ్యూజియం వాళ్ళు వారానికి రెండు రోజుల పనికి మనిషి కావాలని ప్రకటించారు. వస్తువులకు ఎక్స్‌రే తీయాలి, తీసినదాన్ని చదివి చెప్పాలి. చదివి చెప్పాలి! ఆ ముక్క దగ్గర శాంత ఫోను పట్టుకుని వంటింట్లో గిర్రున తిరిగింది. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు యూనివర్సిటీలో లోహాల మీద పరిశోధన చేసినాయన, రెండో మనిషి శాంత. ఒక్కొక్కరికీ ఒక్కో వస్తువిచ్చి ఒకరోజు పని చేయించి చూస్తారు. ఆయన వంతు అయిపోయింది. “మచ్చలేని బొమ్మ తీశాడు” అని ఆ నోటా ఈ నోటా శాంత చెవిన పడింది.

తన వంతు వచ్చిన రోజు పొద్దున ఆమె డబ్బాలు ఊపలేదు. పంచదార డబ్బా మూత నేరుగా తీసేసింది.

“ఇచ్చే వస్తువేంటో చెప్పారా?” అన్నాడు మురళీధర్.

“మందావు అంటండి. బోర్నియో దీవిలో వాళ్ళ కత్తి.”

“మంద ఆవా? కత్తికి ఆవుల మంద పేరేంటి?”

“అమ్మా, హీ థింక్స్ హీజ్ ఫన్నీ,” అంది మాయ, టోస్టు మీదనుంచి కళ్ళెత్తకుండా.

“నవ్వులకేం గానీ శాంతా,” అన్నాడు మురళీధర్ కోటు వేసుకుంటూ, “ఆసుపత్రీ కావాలి, మ్యూజియమూ కావాలి అంటున్నావు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మా నాన్న ఊరికే అనేవాడా? ఏదో ఒకటి తేల్చుకోవాల్సొస్తుంది చూడు.”

“ఆయ్, ముందు ఉద్యోగం రానివ్వండి. తర్వాత ఇముడ్చుకుంటానో లేదో చూద్దురుగాని.”

అన్నదే గాని, ఆ సామెత బస్సెక్కి ఆమెతోపాటే వచ్చింది.

మందావు మెత్తటి దిండు మీద పడుకుని ఉంది. మూరెడు పైచిలుకు పొడవు. దుప్పికొమ్ముతో చేసిన పిడి. పిడి నిండా ఒకదాన్నొకటి కరుచుకున్న నోళ్ళు, కళ్ళు, జలగల్లాంటి మెలికలు. చెక్క ఒరను రెండు పలకలు కలిపి పేముతో చుట్టారు. ముందు పలక మీద కూడా చెక్కడమే. వెనక వైపు మాత్రం నల్లటి జిగురు గట్టిగా పట్టేసి ఉంది.

“ఒరలో కత్తి బిగుసుకుపోయింది,” అంది మోరాగ్. “తుప్పు ఉబ్బి చెక్కను లోపలినుంచి నెడుతోంది. ఇలాగే వదిలేస్తే ముందు పలక చీలిపోతుంది. లాగితే వస్తుందా రాదా, తుప్పు ఎక్కడ పట్టుకుంది, మీరు చెప్పాలి. మధ్యాహ్నం రిబ్కా వస్తుంది. తను బోర్నియోలోని కలిమంతన్ అమ్మాయి, ఇక్కడే పీహెచ్‌డీ చేస్తోంది. వాళ్ళ జాతి కత్తే ఇది. తన ఎదుట తీస్తానని మాటిచ్చాను.”

శాంత ముందు మిషన్ను సరిచూసుకుంది. ఇనుముకు కిరణాల బలం ఎంత పెట్టాలో తెలియడానికి స్టాఫ్ రూములోంచి పళ్ళు కోసుకునే చాకు తెచ్చి దాన్నొక బొమ్మ తీసింది. చక్కగా వచ్చింది. ప్లేటు చెరిపింది. ఆ తర్వాత మందావుని, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి, సీసపు తలుపు వేసి, మీట నొక్కింది. “ఊపిరి బిగపట్టండి” అని నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది.

తెర మీద బొమ్మ పైనుంచి కిందికి వరసలు వరసలుగా దిగింది. ముందు పిడి, తర్వాత ఒర అంచు, ఆ తర్వాత కత్తి. ఎంత అందంగా ఉందో! ఒక వైపు వీపు తిన్నగా, మరో వైపు పొట్ట కొంచెం ఉబ్బి. శాంత గుండె లేడిపిల్లలా గెంతింది. కాని మరుక్షణమే ఆమె తెర దగ్గరికి వంగింది.

పెద్ద కత్తి నడుమ, మసగ్గా, ఇంకో చిన్న కత్తి.

“అయ్యయ్యో,” అంది పైకే. చాకు! ప్లేటు సరిగ్గా చెరగలేదు. తను ఎవరిని హెచ్చరించిందో వాళ్ళ ముందే, పరీక్ష రోజునే, తనే ఆ తప్పు చేసింది. పొద్దున్నుంచి చెవిలో తిరుగుతున్న సామెత ఇప్పుడు సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడింది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఇంక సందేహమేముంది? అది నీడే. దెయ్యమే.

మోరాగ్ అవతలి గదిలో ఫోనులో ఉంది. శాంత గబగబా ఆ బొమ్మను పక్కన పెట్టేసింది. ప్లేటును ఈసారి మరీ ఎక్కువసేపు లైటు కింద ఉంచింది. చెక్కడం కూడా బాగా కనబడాలని కిరణాల బలం తగ్గించి, మళ్ళీ తీసింది. ఈసారి అద్భుతంగా వచ్చింది. చెక్క నార, పేము చుట్లు, చెక్కిన తీగలు అన్నీ లెక్కపెట్టొచ్చు. మధ్యలో కత్తి తెల్లగా, ముద్దగా, ఒక్కటే. నీడ లేదు, దెయ్యం లేదు.

మోరాగ్ వచ్చి చూసి ఈల వేసింది. “షాంటా, దీన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించొచ్చు. మరి, లాగొచ్చా?”

జీవితంలో మొదటిసారి ఒక బొమ్మను చదివి చెప్పమని తనను అడుగుతున్నారు. శాంత గొంతు సవరించుకుంది. “కత్తికీ చెక్కకూ మధ్య చాలాచోట్ల సందుంది. తిన్నగా లాగితే రావాలి.”

రిబ్కా వానలో తడుస్తూ వచ్చింది. పొట్టిగా, చలాకీగా ఉండే పిల్ల. వస్తూనే మందావు ముందు తల కొంచెం వంచి, తన భాషలో ఏదో పలకరించి, ఫోను తీసి వీడియో మొదలుపెట్టింది. మోరాగ్ ఒరను మెత్తటి పట్టాల మధ్య బిగిస్తోంది. శాంతకు ఇంక చేసే పనేమీ లేదు. చాకును దాని చోట పెట్టేసి వద్దామని స్టాఫ్ రూముకు నడిచింది.

సొరుగు లాగి చాకు అందులో పెట్టబోయి, ఆగింది. నల్లటి పిడి మీద మూడు రివిట్లు తళుక్కుమన్నాయి.

మూడు రివిట్లు. పొద్దున తీసిన చాకు బొమ్మలో కూడా మూడు తెల్లటి చుక్కలు దిద్దు రాళ్ళలా మెరిశాయి, బాగా గుర్తు. మరి ఆ నీడలో? కళ్ళు మూసుకుంది. మసక కత్తి, సన్నటి తోక, కొంచెం వంగిన మొన. చుక్కల్లేవు! చాకు నీడైతే చుక్కలు ఉండి తీరాలి. బలం తగ్గించి తీసిన రెండో బొమ్మలోనో? బలం తగ్గిస్తే ఇనుమంతా ఒకే తెల్ల ముద్ద, దాని వెనక ఏమున్నా కనబడదు. తను దెయ్యాన్ని వదిలించలేదు, దాని మీద దుప్పటి కప్పింది!

ఆ కారిడారులో ఎవరూ పరుగెత్తకూడదు. గోడ మీద బోర్డు కూడా ఉంది. శాంత చేతిలో చాకుతో పరుగెత్తింది.

“ఆగండి! ఆగండాగండి!”

నోట్లోంచి వచ్చింది తెలుగే. మోరాగ్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. కాని ఎర్రబడ్డ మొహంతో, చాకు పట్టుకుని తలుపులోంచి దూసుకొచ్చే మనిషిని చూస్తే ఏ భాషవాళ్ళైనా ఆగుతారు. పిడికి చుట్టిన నూలుపట్టీ మోరాగ్ చేతిలోనే ఉండిపోయింది.

“ఇంకా లాగలేదు కదా?”

“లేదు. ముందు ఆ చాకు కింద పెట్టండి, షాంటా.”

శాంత చాకు కింద పెట్టింది. చెబితే ఉద్యోగం పోతుంది, అది ఆమెకు నిక్కచ్చిగా తెలుసు. పరీక్ష రోజున ఒక బొమ్మను దాచి, ఇంకోదాన్ని తప్పుగా చదివిన మనిషిని ఎవరు పెట్టుకుంటారు? ఎదురుగా పిడి మీది కళ్ళన్నీ తననే చూస్తున్నట్టున్నాయి.

“నేను ముందొక బొమ్మ తీశాను. మీకు చూపించలేదు. పాడైందనుకున్నాను. పాడవలేదు. లోపల ఇంకోటి ఉంది.”

బొమ్మ తెర మీదకు తెచ్చింది. మోరాగ్ ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వంగింది. రిబ్కా వీడియో సంగతి మరిచి ఫోను దించేసింది.

“పక్కకు తిప్పి ఒకటి తీయనివ్వండి,” అంది శాంత. “కిరణాల బలం పూర్తిగా పెంచి. పక్కనుంచి చూస్తే అబద్ధమైతే ఒక గీతే వస్తుంది. నిజమైతే రెండు.”

మందావును అంచు మీద నిలబెట్టారు. తలుపు మూశారు. మీట నొక్కారు. ప్లేటు మిషన్లోకి వెళ్ళింది. ముగ్గురూ తెర ముందు ఒకరి భుజం ఒకరు ఒరుసుకుంటూ నిలబడ్డారు. “వదలండి, ఊపిరి వదలండి,” అని శాంత గొణిగింది. అది ఎవరికి చెప్పిందో ఆమెకే తెలియదు.

వరస తర్వాత వరస దిగుతోంది. పిడి. ఒర నోరు. ఒక గీత, మందంగా. ఇంకా ఒక్కటే. ఇంకా ఒక్కటే. అంతలో ఆ గీత పక్కన, వెంట్రుకవాసి ఎడంగా, రెండో గీత మొదలైంది.

రిబ్కా కెవ్వుమంది. మోరాగ్ బల్ల మీద అరచేత్తో చరిచి, మ్యూజియాల్లో అనకూడని మాట ఒకటి అంది.

“దాని బిడ్డ!” రిబ్కా గెంతుతోంది. “ఇది దాని బిడ్డే! మా మందావు వెనక ఎప్పుడూ చిన్న కత్తి ఉంటుంది, పొడుగు పిడితో. ఒర వెనకాలే దానికో గూడు.”

“మా వివరాల్లో ‘చిన్న కత్తి పోయింది’ అని ఉంది,” అంది మోరాగ్. “అందరం అదే నమ్మాం. పోలేదు. పిడి విరిగిందన్నమాట. ఎవరో విరిగినచోట జిగురు పోసి మూసేశారు.” గీతల వెంట వేలు జరుపుకుంటూ వెళ్ళి కింద ఒకచోట ఆగింది. అక్కడ రెండు కత్తుల మధ్య చెక్క పగిలి, చిన్నదాని మొన పెద్దదానికి తుప్పుతో అతుక్కుపోయి ఉంది. “లాగి ఉంటే పెద్దది చిన్నదాన్ని ఈడ్చుకొచ్చేది. ముందు పలక రెండుగా…” అని మాట పూర్తి చేయకుండా, చెక్కిన పలకను మెల్లగా నిమిరింది. తర్వాత శాంత వైపు తిరిగింది. “ఇంత స్పష్టంగా ఉంటే మొదటిది ఎందుకు దాచారు?”

శాంత తల వంచుకుంది, కెరిస్ పిడి మీది బొమ్మలాగా. “మా భాషలో ఒక సామెత ఉంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని. చిన్నప్పట్నుంచీ విన్నాను. కంటికి రెండు కనిపించినా, నా బుర్ర ఒప్పుకోలేదు.”

రిబ్కా పకపకా నవ్వింది. “ఆంటీ, మా ఊళ్ళో ఈ సామెత చెబితే ముసలాళ్ళు మిమ్మల్ని కూర్చోబెట్టి అన్నం పెట్టి మరీ ఎగతాళి చేస్తారు! పెద్దది అడవికీ పోట్లాటకీ. చిన్నది చెక్కడానికి. ఈ పిడి మీద కళ్ళూ నోళ్ళూ ఉన్నాయే, ఇవన్నీ చెక్కింది ఇలాంటి చిన్నదే. రెండూ లేకపోతే అది ఒరే కాదు.”

శాంత మళ్ళీ తెర వైపు చూసింది. నరికేదీ చెక్కేదీ పక్కపక్కనే, వెంట్రుకవాసి ఎడంలో, ఇన్నేళ్ళూ చీకట్లో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. దిద్దును చూసిన రోజు కలిగిన పులకరింత మళ్ళీ వచ్చి వీపు మీద పాకింది. “ఇంకోసారి చూపించరా?” అంది, మిషన్ మీట తన చేతికిందే ఉందన్నది మరిచిపోయి.

సాయంత్రం కోటు తొడుక్కుంటున్న శాంతను మోరాగ్ గుమ్మం దగ్గర ఆపింది. “దీన్ని వెనకనుంచి తెరవాలి. జిగురు కరిగించుకుంటూ, ప్రతి అంగుళానికీ ఒక బొమ్మ తీసుకుంటూ. చాలా రోజుల పని. వచ్చే మంగళవారం రాగలరా?”

“పరీక్షకా?”

“పనికి. మచ్చలేని బొమ్మలు ఎవరైనా తీస్తారు, తప్పు చెప్పడానికి చాకుతో పరుగెత్తుకొచ్చేవాళ్ళు దొరకరు. ఒక షరతు. మీ సామెతలు బయట కోటుతోపాటు తగిలించి రండి.”

వీధి చివరకు కూడా చేరకముందే శాంత ఇంటికి ఫోను చేసింది. వాన, బస్సుల హోరు, తన నవ్వు, అన్నీ కలిసి మురళీధర్‌కు సగమే వినిపించింది.

“రెండు ఏంటి? ఎక్కడ రెండు?”

“ఒరలోనండీ! ఒకే ఒరలో! మామయ్యగారి సామెత తప్పండీ బాబూ!”

వెనకనుంచి మాయ గొంతు వినిపించింది. “అమ్మా, డిడ్ యూ గెట్ ఇట్ ఆర్ నాట్?”

“వచ్చిందే!”

“అయితే ఇంతకీ ఆసుపత్రి మానేస్తావా?” అన్నాడు మురళీధర్.

“ఎందుకండీ మానెయ్యడం?”

కొన్ని వారాలకు జిగురంతా కరిగాక, చిన్న కత్తి బయటికి వచ్చింది. రిబ్కా దాన్ని రెండు చేతులతో అందుకుంది. దాని మొన వాడి వాడి ఒక పక్కకు అరిగిపోయి ఉంది. ఇప్పుడు ఆ రెండు కత్తులూ మ్యూజియంలో ఒకే అద్దాల పెట్టెలో ఉన్నాయి. శాంత సోమ, బుధ, శుక్రవారాలు ఆసుపత్రిలోనూ, మంగళ, గురువారాలు మ్యూజియంలోనూ పనిచేస్తోంది.